ఒక్క ఆవగింజ

మిర్చి యార్డులో ఇరవై ఆరేళ్ళు.
గుప్పెడు కాయలు చెవి దగ్గర ఆడిస్తే చాలు,
తేమ ఎంతుందో చెప్పేస్తాను.
గలగలమంటే ఎండిన సరుకు.
ముద్దగా మూలిగితే
రైతు తొందరపడ్డాడని.
తేజా, బ్యాడిగి, తాలు
కళ్ళు మూసుకుని వేరు చేస్తాను.
ఇంట్లో మాత్రం
కారం డబ్బా ఏ అరలో ఉంటుందో
మొన్నటిదాకా తెలియదు.

మేడ మెట్ల మీద జారి
భ్రమరాంబ కుడిచెయ్యి విరిగింది.
ఆరు వారాలు కట్టు అన్నాడు డాక్టరు.
రెండు రోజులు కొత్తపేట మెస్సు నుంచి క్యారేజీ తెచ్చాను.
మూడో రోజు ఆ సాంబారు వైపు చూసి
"ఇది తిని బతకడం కన్నా
నీ చేతి వంట తిని పోవడం నయం" అంది.

అలా మొదలైంది.
వంటింటి గుమ్మం బయట ప్లాస్టిక్ కుర్చీ,
అందులో ఆవిడ, మెడకి వేలాడే తెల్లటి చెయ్యి.
స్టవ్ ముందు నేను.

నూనె కాగిందా అంటే
ఏమో, ఇందాకటిలానే ఉంది అన్నాను.
ఒక్క ఆవగింజ వెయ్యి, అదే చెబుతుంది అంది.
వేశాను. అడుక్కి పోయి పడుకుంది.
ఆగు అంది.
నాకు ఆగడం రాదు.
వేలంలో ఆగితే సరుకు పక్కవాడిదవుతుంది.
ఆవాలు, మెంతులు, ఎండుమిరపకాయలు
అన్నీ ఒక్కసారే గుమ్మరించి మంట పెంచాను.
మెంతులు మాడి, మిరపకాయ నల్లబడి
ఆ ఘాటుకి,
టిక్కీల గుట్టల మధ్య కూర్చుని టీ తాగేవాణ్ణి,
యార్డంతా తుమ్ముతున్నా తుమ్మనివాణ్ణి,
వీధిలోకి పరుగెత్తి
కళ్ళనీళ్ళతో దగ్గుతున్నాను.
ఎదురింటి మస్తాన్‌బీ కిటికీ మూస్తూ
"ఇవాళ నువ్వా అన్నా?" అంది.

నాలుగు రోజులకి గాని తెలియలేదు,
ఆవిడ నన్ను చూడ్డం లేదు. వింటోంది.
ఆ కుర్చీలోంచి మూకుడు కనపడదు.
చిటపటలు సద్దుమణిగీ మణగకముందే
"ఇప్పుడు కరివేపాకు."
అది చుయ్యిమని ఊరుకోగానే
"ఇంగువ."
బెండకాయ జిగురు వదిలితే
గరిటె కింద చప్పుడు మారుతుందట.
పప్పు మెదిగితే
బుడగ పగిలే శబ్దం బరువెక్కుతుందట.
ఇరవై రెండేళ్ళ కాపురంలో
ఇద్దరం చెవుల మీదే బతుకుతున్నామని
ఒకరికొకరం చెప్పుకోనేలేదు.

ఉప్పెంత అంటే "తగినంత."
కాటా ముందు పెరిగినవాణ్ణి,
తగినంత అనే తూకపురాయి నేనెక్కడా చూళ్ళేదు.
ఎడమ అరచెయ్యి చాపి, పొయ్యి, ఇంకొంచెం, చాలు,
ఈ గుంట నిండేంత, అని చూపించింది.
మర్నాడు నా అరచేతి గుంట నింపి వేశాను.
నా చెయ్యి పెద్దది.
ఆ రోజు ఇద్దరం మజ్జిగన్నం తిన్నాం.

పదకొండో రోజు దోసకాయ పప్పు.
చేదు చూడమని ఆవిడ చెప్పలేదు,
నేనే ముక్క కొరికి చూశాను.
తింటూ ఏమీ అనలేదు.
మళ్ళీ అన్నం పెట్టించుకుంది.
మా ఇంట్లో మెచ్చుకోలంటే అంతే.
ఇన్నేళ్ళూ నేను ఇచ్చిందీ అంతే.
అదెంత తక్కువో
గరిటె పట్టుకుని నిలబడితే గాని తెలియలేదు.

ఇప్పుడు యార్డులో కాయ ఆడిస్తే
ధర కన్నా ముందు నూనె గుర్తొస్తోంది.
మొన్న షావుకారు "ఎంత?" అంటే
"రెండు చాలు, తుంచి వెయ్యాలి" అన్నాను.
వారం నుంచీ అందరూ అదే చెప్పుకుని నవ్వుతున్నారు.
నవ్వనీ.
పొద్దున్నే సంచీ పట్టుకుని బయల్దేరి
గోంగూర కట్టలో ముదురాకు ఏరుతుంటే
నాకూ నవ్వొస్తోంది, ఎందుకో.

కట్టు విప్పిన రోజు
ఆవిడ వంటింట్లోకొచ్చి అరలన్నీ వెతికి
"మెంతులేవి?" అంది.
మార్చింది నేను. నేనే చూపించాను.
కాసేపు ఇద్దరికీ ఏం తోచలేదు.
కుర్చీ తీసెయ్యనా అన్నాను.
ఉండనీ అంది.
సన్నబడ్డ ఆ చేత్తోనే లాక్కుని
గుమ్మం బయట కూర్చుంది.

నూనె పెట్టాను.
ఒక్క ఆవగింజ వేశాను.
అడుక్కి పోయి పడుకుంది.
ఆగాం.